రెండో సంతకం

ఆదివారం పొద్దున్నే లేచి పార్కులో పిట్టలను చూడాలని రికార్డు సెక్షన్ సూపరింటెండెంటు శుక్రవారం సాయంత్రమే నిశ్చయించుకున్నాడు. యాభై నాలుగేళ్ల వయసులో పిట్టల మీద హఠాత్తుగా ప్రేమ పొంగుకొచ్చిందనుకుంటే పొరపాటు. ఈ భూమ్మీద ఆయన గుర్తుపట్టగలిగిన పక్షులు మూడే మూడు: కాకి, పిచ్చుక, పావురం. అందులో పావురాన్నయినా, ఆఫీసు కిటికీలో కూర్చుని ఫైళ్ల మీద అది చేసే నిర్వాకం వల్ల గుర్తుపెట్టుకున్నాడు తప్ప అభిమానం కొద్దీ కాదు.

అసలు సంగతి బదిలీ. శుక్రవారం నాలుగు గంటలకు డిస్పాచ్ గుమాస్తా టీ గ్లాసుతో వచ్చి ఆ కబురు చెవిలో ఊదిపోయాడు. ఎదుటివాళ్ల బల్ల మీది కాగితాలను తలకిందులుగా చదవడంలో ఈ గుమాస్తా దిట్ట. ఆ విద్యలో ఎవరూ పరీక్ష పెట్టరు గాని, పెడితే ఆయన్ని మించినవాడు ఆఫీసులో లేడు.

"సోమవారం లిస్టు సంతకానికి వెళ్తోంది సార్. టైపిస్టు బల్ల మీద చూశాను. ఓ పక్క మన రికార్డు సెక్షన్ అని ఉంది, ఎదురుగా మీ అత్తగారి ఊరి బ్రాంచి ఉంది. అదృష్టవంతులు సార్ మీరు," అన్నాడు గుమాస్తా.

సూపరింటెండెంటుకు పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తగారి ఊళ్లో అత్తగారు ఉన్నారు. అది ఊరి తప్పు కాదనుకోండి. ఆవిడతోపాటు ముగ్గురు బావమరుదులు కూడా అదే వీధిలో, పక్కపక్క ఇళ్లలో ఉన్నారు. పెద్దవాడు ఈయన ఆరోగ్యం గురించి, నడిపివాడు నడవడి గురించి, చిన్నవాడు ఆ రెంటి గురించీ సలహాలిస్తారు. ఏ ఏడాదికి ఆ ఏడాది నాలుగు రోజులు వెళ్లి వచ్చేసరికే ఆయనకు నెల రోజులు ఒంట్లో బాగుండదు. భార్య మాత్రం ఇరవై ఆరేళ్లుగా ఆ ఊరికి బదిలీ అడగమని ప్రాణం తోడేస్తోంది. ఆయన ఏటా "అడిగాను, పైవాళ్లు కుదరదన్నారు" అని చెప్పి, ఆ పైవాళ్లను భార్యతో కలిసి మనసారా తిట్టి, ఆవిణ్ణి ఊరడిస్తూ వస్తున్నాడు. నిజానికి అడగడమన్నది ఒక్కసారి కూడా జరగలేదు.

ఇప్పుడు అడక్కుండానే ఇచ్చేస్తున్నారు. ఆపగలిగింది ఒక్క డైరెక్టర్ మేడమ్. ఆవిడకు పిట్టల పిచ్చి. ఆకులు రాలే రోజులు మొదలయ్యాయంటే చాలు, ప్రతి ఆదివారం తన పిట్టల సంఘంతో పార్కులో చెరువు గట్టున తేలుతుంది. కిందటేడు అకౌంట్స్ ఆయన నాలుగు వారాలు వరసగా వెళ్లి ఫ్లాస్కు మోసినందుకు కిటికీ ఉన్న గది దక్కిందని ఆఫీసంతా చెప్పుకుంది. ఫ్లాస్కుకే గది వస్తే, రెండు కొంగలను శ్రద్ధగా చూసినవాడికి బదిలీ ఆగదా అని సూపరింటెండెంటు లెక్క వేసుకున్నాడు.

ఆదివారం అయిదున్నరకు గుమ్మం దాటబోతుంటే భార్య అడ్డం వచ్చింది. చేతిలో టోపీ ఉంది. రెండు నెలలుగా ఆవిడ ఒళ్లో పెట్టుకుని అల్లుతున్న ఆ ఉన్ని పదార్థం టోపీయేనని ఆయనకు ఆ క్షణందాకా తెలియదు. గోధుమరంగు బుర్ర, మెడ చుట్టూ తెల్లపట్టీ, గడ్డం కింద ముడేసుకోవడానికి రెండు పసుపు తాళ్లు. వద్దంటే వినే మనిషి కాదు. ఆవిడే తొడిగి, ఆవిడే ముడేసి, "తీశారో, సాయంత్రానికి తుమ్ములు మొదలవుతాయి. అప్పుడు నన్ను పిలవకండి," అంది. పెద్ద బావమరిది కిందటిసారి వచ్చి మరిచిపోయి వెళ్లిన బైనాక్యులర్స్ మెడలో, ఫ్లాస్కు ఒక చేతిలో, గొడుగు మరో చేతిలో పెట్టుకుని ఆయన బయల్దేరాడు.

పార్కు గేటు దాటగానే ఆయనకు గౌరవం గుర్తొచ్చింది. పసుపు తాళ్ల టోపీతో డైరెక్టర్ ముందు నిలబడితే బదిలీ ఆగడం మాట అటుంచి, పిచ్చాసుపత్రికి చీటీ రాసినా రాస్తుంది. జేబులో పట్టదు, పారేస్తే ఇంట్లో బతకలేడు. గేటు పక్కన కుళాయి దగ్గర ఒక పెద్ద చెట్టు చెరువు మీదకు వంగి ఉంది. ఆకులు సగం రాలిపోయి కొమ్మలు బోసిగా ఉన్నాయి. తిరిగి వెళ్లేటప్పుడు తీసుకోవచ్చని ఆయన గొడుగు వంకీతో ఒక కొమ్మను కిందికి లాగి, చివర టోపీ తగిలించి, గొడుగు వదిలాడు. కొమ్మ ఒక్కసారిగా పైకి లేచి టోపీని ఎగరేసింది. అది రెండంతస్తుల ఎత్తున కొమ్మల సందులో నిటారుగా కూర్చుండిపోయింది. గొడుగు ఎత్తి రెండుసార్లు ఎగిరి చూశాడు. అంతలో గేటు దగ్గర డైరెక్టర్ కారు ఆగింది. ఆయన ఏమీ ఎరగనట్టు చెరువు చుట్టూ తిరిగి మేడమ్ నిలబడే అవతలి గట్టుకు చేరుకున్నాడు.

ఆ రోజు చలికి జడిసి పిట్టల సంఘం సభ్యులెవరూ వేళకు రాలేదు. వచ్చినవాళ్లు డైరెక్టర్, ఈయన, అంతే. ఇంతకంటే మంచి అవకాశం వస్తుందా అని సూపరింటెండెంటు లోలోపల పొంగిపోయి టీ పోశాడు. పొగమంచు నీళ్ల మీద తచ్చాడుతోంది. ఉన్నట్టుండి డైరెక్టర్ టీ కప్పు గడ్డి మీద పెట్టేసి బైనాక్యులర్స్ ఎత్తింది.

"కదలకండి. అవతలి గట్టు మీద చూడండి. గోధుమరంగు ఒళ్లు, తెల్ల మెడ, పసుపు కాళ్లు. కనిపించిందా?"

ఆయన కూడా బైనాక్యులర్స్ కళ్లకు పెట్టుకున్నాడు. చిమ్మచీకటి. అద్దాల మూతలు తియ్యాలన్న సంగతి పెద్ద బావమరిది చెప్పలేదు. ఆయన సలహా ఇవ్వకుండా వదిలేసిన విషయం జీవితంలో ఇదొక్కటే.

"కనిపించిందండీ," అన్నాడు.

"ఎలా ఉంది?"

"మీరు చెప్పినట్టే ఉందండీ."

ఇరవై ఎనిమిదేళ్లుగా పై అధికారి రాసిన ప్రతి నోటు కిందా ఆయన రాస్తున్నది ఇదే మాట. ఇంతవరకూ దానివల్ల ఎవరికీ నష్టం జరిగినట్టు దాఖలా లేదు.

డైరెక్టర్ సంచిలోంచి లావుపాటి రిజిస్టరు తీసింది. ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరేం చూసినా రిజిస్టరులో రాయాలి; చూసినవారు సంతకం పెట్టాలి, పక్కన ధ్రువీకరించినవారు సంతకం పెట్టాలి. రెండో సంతకం లేని పిట్ట, పిట్టే కాదు. ఆవిడ గబగబా రాసి, రిజిస్టరు ఇటు తిప్పి, సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టింది. ఎవరైనా వేలు పెట్టి చూపించారంటే సూపరింటెండెంటు చెయ్యి దానంతటదే కదులుతుంది. చదవడం ఆయన పద్ధతి కాదు. చదివితే అనుమానం వస్తుంది, అనుమానం వస్తే ఫైలు ఆగుతుంది, ఆగిన ఫైలు మన నెత్తినే కూర్చుంటుంది. ఆయన కింద గీత కూడా గీసి అందంగా సంతకం పెట్టాడు.

సిరా ఆరేలోగా ఊరికే చూపు పడి చదివాడు: "తెల్లమెడ బాటసారి, ఒకటి. గేటు పక్క కుళాయి చెట్టు, పై కొమ్మ."

కుళాయి చెట్టు దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. బైనాక్యులర్స్ దించి ఉత్త కళ్లతో చెరువుకు అవతల చూశాడు. గోధుమరంగు ఒళ్లు, తెల్ల మెడ. పసుపు కాళ్లు రెండూ గాలికి తీరిగ్గా ఊగుతున్నాయి.

"మేడమ్, ఒక్క మాట..." అని మొదలుపెట్టాడు. కానీ డైరెక్టర్ అప్పటికే ఫోనులో ఉంది. ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఈ గట్టున చలిలో నిలబడింది ఈ ఒక్క వలసపిట్ట కోసమేనని, ఇవాళ ఉద్యోగం ఊడినా ఫర్వాలేదని ఎవరికో చెబుతూ కళ్లు తుడుచుకుంటోంది. ఉద్యోగం ఊడినా ఫర్వాలేదన్నది ఆవిడ ఉద్యోగం సంగతి. సూపరింటెండెంటు తన ఉద్యోగం సంగతి ఆలోచించుకుని నోరు మూసుకున్నాడు.

అరగంటలో చలికి జడిసినవాళ్లంతా దిగిపోయారు. జలుబులు, కీళ్లనొప్పులు ఏమైపోయాయో గాని, ఏడున్నరకల్లా గట్టు మీద నలభైమంది తేలారు. ప్రతివాడూ ముందు రిజిస్టరు చదివాడు, తర్వాత చెట్టు వైపు చూశాడు, చూసి "ఆహా" అన్నాడు. రెండు సంతకాలున్న పిట్టను కాదనడానికి ఎవరికి గుండె ఉంటుంది? ఫోన్లలో ఫోటోలు తీసి, మంచులో మసకగా పడినవాటిని ఊరంతా పంచారు. పార్కు కాపలాదారు గేటు నుంచి కుళాయి దాకా తాడు కట్టి ఎవరినీ పోనివ్వలేదు. ఆ చెట్టు కింది బెంచీ మీద పదకొండేళ్లుగా కూర్చుంటున్న ముగ్గురు పింఛనుదార్లను లేపేశాడు. వాళ్లలో ఒకాయన, ఇంతసేపు రెక్క కూడా కదపని పిట్టేం పిట్టని అడిగాడు. ప్రయాణ బడలిక అని పదిమంది కోరస్‌గా జవాబిచ్చి ఆయన్ని మూలకు నెట్టారు. ఆ ఉదయం మొత్తానికి బుద్ధిగా ఆలోచించినవాడు ఆయనొక్కడే.

ఎనిమిదింటికి సంఘంలో పాత సభ్యుడు, రిటైరైన ప్రొఫెసర్ ఒకాయన వచ్చాడు. ఆయన ఉద్యోగం చేసిన రోజుల్లో, నలభై ఏళ్ల కిందట, ఇదే పార్కులో తెల్లమెడ బాటసారిని చూశానని పెద్ద వ్యాసం రాశాడు. పక్కన మరో సాక్షి లేకపోవడంతో ఎవరూ నమ్మలేదు సరికదా, ఇప్పటికీ పెళ్లిళ్లలో కూడా ఆ మాటెత్తి నవ్వుతారు. రెండో సంతకం కట్టుబాటు పెట్టిందే ఆయన పుణ్యమా అని. కళ్లకు శస్త్రచికిత్స వచ్చే నెలకు ఖాయమైందట. మూడు కాళ్ల మీద దూరదర్శిని నిలబెట్టి, నిమిషంపాటు కన్ను ఆనించి చూసి, వచ్చి సూపరింటెండెంటు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రెండో సంతకం మీదేనటగా. కళ్లు ఏ రంగులో ఉన్నాయి?"

సూపరింటెండెంటు చెట్టు వైపు చూశాడు. "మూసుకుని ఉన్నట్టున్నాయండీ."

"నేనూ అదే రాశాను. పగలు నిద్రపోతుందని. ముక్కు?"

"సరిగా కనిపించలేదండీ."

"రెక్కల్లో దాచుకుంటుంది. కూసిందా?"

"ఇప్పటిదాకా లేదండీ."

"కూయదు. అదీ రాశాను." ప్రొఫెసర్ ఆయన చేతులు వదల్లేదు. "నలభై ఏళ్లయిందయ్యా. మా ఆవిడ కూడా నమ్మకుండానే పోయింది."

సూపరింటెండెంటుకు గుండెలో కలుక్కుమంది. ఆయన బొత్తిగా చెడ్డవాడు కాదు. బద్ధకస్తుడు, పిరికివాడు, అంతే. ఇప్పుడు టోపీ అని చెబితే డైరెక్టర్ ఒక్కతే కాదు, ఈ ముసలాయన కూడా కూలబడతాడు. పత్రికల మనిషి వచ్చి సంతకాలు పెట్టిన ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. మంచి చలి. ఉత్త నెత్తితో నిలబడ్డ సూపరింటెండెంటు ఆ ఫోటోలో తుమ్ముతూ పడ్డాడు.

సరిగ్గా అప్పుడే తాడు ఎత్తి వంగి వస్తూ భార్య కనిపించింది. కాపలాదారు అడ్డుకోబోయి, ఆవిడ మొహం చూసి దారిచ్చాడు. చేతిలో ఫోను ఉంది. కాలనీ గ్రూపులో ఎవరో పిట్ట ఫోటో పెట్టారు. పక్కింటావిడ చూడమంటే చూసి, రెండు వేళ్లతో పెద్దది చేసి, ఆ మసకలోనే తెల్లపట్టీ మూడో వరసలో కుట్టు తప్పిన చోటు పోల్చుకుంది. అక్కడ అల్లుతుండగా అమ్మ ఫోను చేస్తే ఒక కుట్టు జారిపోయింది. ఊడదీసి మళ్లీ అల్లడానికి మనసొప్పక వదిలేసింది. లోకంలో ఆ తప్పు ఒక్క టోపీకే ఉంది.

ఆవిడ నేరుగా వచ్చి మొగుడి ఉత్త నెత్తి వైపు చూసింది. తర్వాత ప్రొఫెసర్‌ను అడిగి దూరదర్శినిలో చాలాసేపు చూసింది. సూపరింటెండెంటు గొడుగు మీద ఆనుకున్నాడు.

"ఎంత ముద్దుగా ఉందండీ పిట్ట," అంది ఆవిడ చివరికి, అందరికీ వినిపించేలా. "ఆ మెడపట్టీ చూడండి. ఎవరో రెండు నెలలు కూర్చుని, నడుము నొప్పెట్టేలా చేసినట్టుంది. దాని విలువ తెలిసినవాళ్ల కంట పడింది, ఇంకేం కావాలి."

"మీ ఇంట్లో అందరికీ మంచి చూపుందే," అని డైరెక్టర్ మురిసిపోయింది.

ఇంతలో గాలి లేచింది. మిగిలిన ఆకులన్నీ ఒక్కసారిగా రాలాయి. వాటితోపాటు తెల్లమెడ బాటసారి కూడా కొమ్మ మీంచి లేచి, గాల్లో ఒక పల్టీ కొట్టి, పసుపు కాళ్లు పైకెత్తి, నిలువునా చెరువులో పడి మునిగిపోయింది. అంతా అయిపోయిందని సూపరింటెండెంటు కళ్లు మూసుకున్నాడు. ఎక్కడో మనసు మూల హాయిగా కూడా అనిపించింది.

"చేప కోసం మునిగింది," అన్నాడు ప్రొఫెసర్ నెమ్మదిగా. "ఈ జాతికి ఈత వచ్చని ఇంతవరకూ ఎవరూ రాయలేదు. నేను రాస్తాను."

నలభైమందీ చప్పట్లు కొట్టారు. మునిగిన పిట్ట ఎక్కడ తేలుతుందా అని ఎదురుచూసి, చూడటం అయ్యాక ఆకలేసి, నీటి అడుగునే ఈదుకుంటూ వెళ్లిపోయిందని తేల్చుకుని తాడు విప్పారు. రిజిస్టరులో ఆ ముక్క కూడా చేరింది. రెండో సంతకం ఎవరు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు.

జనం పలచబడ్డాక డైరెక్టర్ ఆయన భుజం తట్టింది. ఇదీ ఆయన ఎదురుచూసిన ఘడియ. బదిలీ మాట ఎలా ఎత్తాలా అని ఆయన గొంతు సవరించుకుంటుండగా ఆవిడే ఎత్తింది.

"రేపు బదిలీల లిస్టు సంతకం చేస్తున్నాను. మీకు తెలుసా?"

"విన్నానండీ. రికార్డు సెక్షన్ పేరు కూడా ఉందని..."

"ఉంది, మీ సెక్షన్లో పాత బీరువాలు పన్నెండు. ఆ చెరువుల ఊరి బ్రాంచికి పంపిస్తున్నాం. మీ పేరెందుకుంటుంది? మీరు రిటైరయ్యేదాకా ఇక్కడే ఉంటారనుకున్నాను." డైరెక్టర్ ఆప్యాయంగా నవ్వింది. "కానీ ఇవాళ మిమ్మల్ని చూశాక మనసు మారింది. ఇంత చూపున్న మనిషిని దుమ్ములో కూర్చోబెట్టడం పాపం. ఆ ఊరి చుట్టూ ఏడు చెరువులున్నాయి. పిట్టలున్నాయి గాని చూసే నాథుడు లేడు. బీరువాలతోపాటు మిమ్మల్నీ పంపిస్తాను. కాదనకండి, ఇది మీకు నా బహుమతి."

తన పుట్టింటి ఊరి మాట వినగానే భార్య మొహం వెయ్యి దీపాలు వెలిగినట్టయింది. సూపరింటెండెంటు మొహం సంగతి రాయడం భావ్యం కాదు. నోరు తెరిచి, "మేడమ్, నిజం చెప్పాలంటే నేను అసలు ఏమీ..." అన్నాడు. భార్య పక్కకు వచ్చి ఆయన చొక్కా మీద లేని దుమ్ము దులుపుతూ, ఆయనకొక్కడికే వినిపించేలా మాట్లాడింది.

"చెప్పండి. టోపీ అని చెప్పండి. మీ మేడమ్ రేపు ఆఫీసులో తలెత్తుకోగలదా? ఆ ముసలాయన ఇంటిదాకా నడవగలడా? చెప్పారంటే మిమ్మల్ని మా ఊరు కాదు, రోడ్డు కూడా లేని ఊరికి పంపిస్తుంది. పోనీ నేను చెప్పనా, ఇరవై ఆరేళ్లుగా బదిలీ అడుగుతున్నానని నాతో ఏమేం చెప్పారో?"

ఆయన మేడమ్ వైపు తిరిగి, చాలా సంతోషమండీ అన్నాడు. భార్య గట్టు దిగి చెట్టు దగ్గరికి వెళ్లి, కాపలాదారు కర్రతో చెరువు అంచున ఏదో కెలికి, గోధుమరంగు ముద్దను పైకి తీసి, కుళాయి కింద పిండి సంచిలో వేసుకుంది. అదేమిటని ఎవరూ అడగలేదు. పిట్టను చూసిన కళ్లు కదా, ఇక టోపీలవైపు పోవు.

సాయంత్రానికి తుమ్ములు మొదలయ్యాయి. టోపీ దండెం మీద ఆరుతోంది. అత్తగారి ఊరి నుంచి ఫోను వచ్చింది. ముగ్గురు బావమరుదులూ పేపరువాళ్లు పెట్టిన ఫోటో చూశారట. బావగారికి ఇంత విద్య ఉందని తెలియక ఇన్నాళ్లూ చిన్నచూపు చూశామని బాధపడి, తలా ఒక బైనాక్యులర్స్ కొనేసుకున్నారట. ఇక ప్రతి ఆదివారం అయిదు గంటలకే వచ్చి బావగారిని లేపుతామని మాటిచ్చారు. తుమ్ములకు ఏం చెయ్యాలో పెద్దవాడు పావుగంట చెప్పాడు.

సోమవారం పన్నెండు గంటలకు అటెండరు ఉత్తర్వు తెచ్చి బల్ల మీద పెట్టి, అలవాటుగా సంతకం చోట వేలు పెట్టాడు. సూపరింటెండెంటు ఆ వేలు పక్కకు జరిపాడు. కళ్లజోడు తుడుచుకుని మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాడు. ఒకటో అంశం, పాత బీరువాలు, పన్నెండు. రెండో అంశం, సూపరింటెండెంటు, ఒకరు. రెండూ ఒకే లారీలో. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు రెండుసార్లు చూశాడు. కుట్టు ఎక్కడా జారలేదు.

ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఆయన పూర్తిగా చదివి సంతకం పెట్టిన కాగితం అదొక్కటే.